కదిలే ఇల్లు, కారే కప్పు



తెలుగులో 'కారు' అనే రెండక్షరాల మాట ఎన్ని పనులు చేస్తున్నదో చూడండి. వానకారు అంటే ఋతువు. కారుమబ్బు అంటే నల్లని మేఘం. కప్పు కారుట అంటే నీరు బొట్లుబొట్లుగా దిగుట. ఇంగ్లీషు నుండి వచ్చి చేరిన నాలుగవ కారు ఇంటింటి ముందు నిలిచి ఉన్నది. ఈ నాలుగూ ఒక్కచోట కలిసే సందర్భం కూడా ఉన్నది. వానకారులో, కారుమబ్బు క్రింద, కారే కారు. ఆ కారు గురించే ఈ టపా.

అమెరికాలో మోటార్‌హోమ్ అనే వాహనం ఒకటున్నది. లారీ చట్రం మీద ఇల్లు కట్టి, ఆ ఇంటికే స్టీరింగు అమర్చినట్లుంటుంది. లోపల మంచాలు, పొయ్యి, నీళ్ళ తొట్టి, స్నానాల గది అన్నీ ఉంటాయి. యాభై, అరవై ఏండ్ల నాటి మోటార్‌హోములను కొని, బాగుచేసుకొని, వాటిలో దేశం తిరిగేవారు అక్కడ నేటికీ ఉన్నారు. వారిని ఎక్కువగా వేధించే ప్రశ్న ఇంజనుకు సంబంధించినది కాదు. "ఈ నీరు ఎక్కడినుండి వస్తున్నది?" అన్నదే ఆ ప్రశ్న. ఇంజను చెడితే బండి ఆగిపోతుంది, అందరికీ తెలుస్తుంది. నీరు దిగితే బండి నడుస్తూనే ఉంటుంది. గోడ లోపలి కొయ్య మాత్రం చప్పుడు లేకుండా పుచ్చిపోతుంది. ఇంజను మార్చి బండిని బ్రతికించుకొన్నవారు చాలామంది ఉన్నారు. గోడలు, నేల పుచ్చిపోయిన బండి చాలావరకు తుక్కుకే పోతుంది.

ఈ వాహనాల చరిత్రను ఇంజన్ల చరిత్రగానో, రహదారుల చరిత్రగానో వ్రాయడం పరిపాటి. నేను దానిని అతుకుల చరిత్రగా చెప్పదలచినాను. వ్యాకరణం చదువుకొన్నవాడి దృష్టి సంధి మీదికి పోవడం సహజమే కదా! రెండు పదాలు కలిసిన చోట లోపమో, ఆగమమో, ఆదేశమో జరుగుతుంది. రెండు రేకులు కలిసిన చోట కూడా అంతే. అక్కడ లోపం ఉంటే నీటికి ఆగమం. బండి ఏ ఏట పుట్టినదో తెలిస్తే దాని సంధులు ఎటువంటివో తెలుస్తాయి. సంధులు తెలిస్తే నీటి దారి తెలుస్తుంది. కనుక ఇక్కడ చరిత్ర కాలక్షేపం కాదు, మరమ్మతుకు పనిముట్టు.

గుడారంలో తడిసిన కుటుంబం

1910లో పియర్స్-యారో సంస్థ న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ ప్రదర్శనలో 'టూరింగ్ లాండో' అనే కారును చూపినది. దాని వెనుక సీటు పడకగా మారేది. చేతులు కడుక్కొనే తొట్టి కూడా ఉండేది. 1915లో రోలండ్ కాంక్లిన్ అనే ఆయన 'జిప్సీ వ్యాన్' అని పేరు పెట్టిన బస్సంత ఇంటిలో కుటుంబంతో సహా న్యూయార్కు ప్రాంతం నుండి శాన్ ఫ్రాన్సిస్కో వరకు ప్రయాణం చేసినాడు. ఇవి సంపన్నుల వేడుకలు. ఫోర్డు మోడల్-టీ చేతికి వచ్చిన సామాన్యులు కారుకు గుడారం కట్టుకొని బయలుదేరినారు. అటువంటివారంతా కలిసి 1919లో ఫ్లోరిడా రాష్ట్రంలోని టాంపాలో 'టిన్ కాన్ టూరిస్ట్స్' అనే సంఘం పెట్టుకొన్నారు.

గుడారం కారదా అంటే కారుతుంది. తడిసిన గుడారపు బట్టను లోపలినుండి వ్రేలితో తాకితే చాలు, ఆ చోటినుండే బొట్టు మొదలవుతుంది. కాని కారే చోటు కంటి ఎదుటనే ఉంటుంది. మరునాడు ఎండలో ఆరవేస్తే సరిపోతుంది. గుడారం నీటిని దాచుకోదు.

1929లో డెట్రాయిటుకు చెందిన ఆర్థర్ షెర్మన్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త సెలవులకని గుడారపు ట్రైలర్ ఒకటి కొన్నాడు. ట్రైలర్ అంటే కారు వెనుక కట్టి లాగుకొనిపోయే ఇల్లు. నిమిషాలలో విప్పి నిలబెట్టవచ్చునని అమ్మినవారు చెప్పినారు. దారిలో వాన వచ్చినది. ఆయన ఆ గుడారంతో కుస్తీ పట్టేలోగా కుటుంబమంతా తడిసి ముద్దయినది. దానితో విసిగిన షెర్మన్ గట్టి గోడలు గల పెట్టె వంటి ట్రైలర్‌ను తానే గీసి, వడ్రంగి చేత కట్టించినాడు. గోడలకు మేసొనైటు పలకలు వాడినాడు. కొయ్యపీచును ఒత్తిడితో అట్టగా చేసే ఆ పలకను విలియం మేసన్ 1924లో మిసిసిపీ రాష్ట్రంలోని లారెల్‌లో కనిపెట్టినాడు. పిల్లలు ఆ బండికి 'కవర్డ్ వాగన్' అని పేరు పెట్టినారు. 1930 జనవరిలో డెట్రాయిటు మోటారు ప్రదర్శనలో షెర్మన్ దానిని చూపగా గిరాకీ వచ్చిపడినది. 1936 నాటికి అమెరికాలో అతి పెద్ద ట్రైలర్ల తయారీ సంస్థ ఆయనదే.

అంటే గట్టి గోడల ట్రైలర్ పరిశ్రమ పెరగడానికి ఒక వాన కారణమైనది. వాన బయట ఆగినది. కాని గోడ వచ్చినది, గోడతో మూల వచ్చినది, మూలతో సంధి వచ్చినది. మేసొనైటు నీటిని పీల్చి ఉబ్బే పదార్థం. ఆ తరం బండ్లలో నీరు దిగిన చోట గోడే ఉబ్బి చూపిస్తుంది. మరక కోసం వెదకనక్కరలేదు, అరచేతితో గోడను నిమిరితే తెలుస్తుంది.

రివెట్టు యుగం

కొయ్య ఉబ్బుతున్నదని కొందరు లోహం వైపు తిరిగినారు. హాలీ బౌలస్ అనే ఆయన గ్లైడర్ల నిర్మాత. 1927లో లిండ్‌బర్గ్ అట్లాంటిక్ దాటిన 'స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయీస్' విమాన నిర్మాణంలో పనిచేసినవాడు. ఆయన 1934లో విమానపు దేహం వలె అల్యూమినియం రేకులను రివెట్లతో కలిపి ఒక ట్రైలర్ చేసినాడు. అది వ్యాపారంగా నిలబడలేదు. ఆ పద్ధతిని అందుకొని వాలీ బయమ్ 1936లో 'ఎయిర్‌స్ట్రీమ్ క్లిపర్' తెచ్చినాడు. నేటికీ అమెరికా రోడ్ల మీద కనబడే ఆ వెండి గ్రుడ్డు ఆకారం అప్పటిదే.

రివెట్టు అంటే రేకుకు రంధ్రం చేసి ఆ రంధ్రాన్నే బిగించడం. అటువంటివి బండికి వేల సంఖ్యలో ఉంటాయి. రోడ్డు కుదుపులకు కొన్ని వదులవుతాయి. ఈ జాతి బండ్లలో బయటి రేకు ఒకటి, లోపలి రేకు మరొకటి, నడుమ ఖాళీ. వదులైన రివెట్టు వద్ద దూరిన నీరు ఆ ఖాళీలో రేకు వెంబడి జారి, గోడ అడుగున ప్లైవుడ్ నేల అంచుకు చేరుతుంది. కప్పు పొడిగానే ఉంటుంది, కాలి క్రింద నేల మెత్తబడుతుంది. ఇటువంటి బండిని చూడవచ్చినవాడు తలెత్తి కప్పు చూసి తృప్తి పడకూడదు. మోకాళ్ళ మీద కూర్చొని, నేల అంచును, ముఖ్యంగా వెనుక గోడ అంచును, సన్నని దబ్బనంతో గ్రుచ్చి చూడాలి.

ఎయిర్‌స్ట్రీమ్ పేరు వచ్చినది గనుక ఒక ముచ్చట చెప్పాలి. 1969 జూలైలో చంద్రుని మీదనుండి తిరిగివచ్చిన ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్, కాలిన్స్ అనే మువ్వురినీ మొదట ఉంచినది ఒక ఎయిర్‌స్ట్రీమ్ గూటిలోనే. చంద్రునినుండి ఏ సూక్ష్మజీవులైనా వస్తాయేమోనన్న భయంతో దానిని మార్చి కట్టినారు. అందులో గాలి ఒత్తిడిని బయటి కంటే తక్కువగా ఉంచినారు. ఎక్కడైనా సందు ఉన్నా గాలి లోపలికే పోతుంది గాని బయటకు రాదన్నది అందులోని యుక్తి. సందు లేని ఇల్లు కట్టడం కష్టమని ఎరిగిన ఇంజనీర్లు, సందు ఉన్నా ప్రవాహం ఎటు పోవాలో తామే నిర్ణయించినారు. ఈ యుక్తిని గుర్తుంచుకోండి. దీనిని తలక్రిందులు చేస్తే కారు చోటును పట్టుకొనే ఉపాయం వస్తుంది. దాని మాట తరువాత చెబుతాను.

జిగురు యుగం

ఇంతవరకు చెప్పినవి ఎక్కువగా లాగే ఇండ్లు. తానే నడిచే ఇంటిని వ్యాపారంగా నిలబెట్టినవారిలో మిషిగన్ రాష్ట్రం బ్రౌన్ సిటీకి చెందిన రేమండ్ ఫ్రాంక్ ముఖ్యుడు. 1958లో డాడ్జి చట్రం మీద తన కుటుంబం కోసం ఒకటి కట్టుకొన్నాడు. చూసినవారు తమకూ కావాలన్నారు. 'మోటార్ హోమ్' అన్న పేరు ఆయన పెట్టినదేనని ప్రసిద్ధి. 1960ల నడుమకు ఆ బండ్ల దేహం ఫైబర్‌గ్లాస్‌గా మారినది, తరువాత 'ట్రావ్‌కో' పేరుతో అమ్మినారు. పెంకు వంటి పెద్ద ఫైబర్‌గ్లాస్ దేహంలో అతుకులు తక్కువ. సంధులు తగ్గించాలన్న ప్రయత్నంలో అదొక మంచి అడుగు. ఈ జాతిలో నీరు ఎక్కువగా కిటికీల చుట్టూ, కప్పు మీది గాలిమూతల చుట్టూ దూరుతుంది. పెంకును అనుమానించే ముందు పెంకుకు కోసిన కిటికీలను అనుమానించాలి.

బండి ధరను సామాన్యుడి అందుబాటులోకి తెచ్చినది అయోవా రాష్ట్రంలోని ఫారెస్ట్ సిటీ. వ్యవసాయం మీద బ్రతికే ఆ చిన్న ఊరికి పని కావాలని జాన్ హాన్సన్ అనే వ్యాపారి పూనుకొని 1958లో ఒక కాలిఫోర్నియా ట్రైలర్ సంస్థను రప్పించినాడు. అది తడబడితే ఊరివారే దానిని కొని నిలబెట్టినారు. అదే విన్నెబాగో. 1966లో మోటార్‌హోములు మొదలుపెట్టి, ఇతరుల ధరలో దాదాపు సగానికే అమ్మినారు. అంత చవకగా ఎలా కట్టినారంటే, జిగురుతో. బయట పలుచని అల్యూమినియం రేకు, నడుమ మనం థర్మోకోల్ అనే తెల్లని నురుగు పలక, లోపల ప్లైవుడ్, అంచులకు కొయ్యచట్రం. వీటన్నింటినీ జిగురుతో ఒత్తి ఒకే గోడగా చేసినారు. తేలికగా, బిగువుగా, చలి సోకకుండా ఉంటుంది. ఆ తరువాత అనేక సంస్థలు తమతమ రీతులలో ఈ మార్గం పట్టినవి.

ఈ గోడలోకి నీరు దూరితే పోవడానికి దారి లేదు, ఆరడానికి గాలి లేదు. కొయ్య తడిసి, జిగురు వదలి, బయటి పొర బుడగలా లేస్తుంది. రివెట్టు యుగపు బండిలో నీరు నేలకు దిగి తన ఉనికి చాటేది. జిగురు యుగపు బండిలో ఏండ్ల తరబడి గోడలోనే నిలిచి ఉంటుంది. లోపల మరక కనబడే నాటికి చట్రం సగం పోయి ఉంటుంది. అందుకని ఇటువంటి గోడను వ్రేళ్ళ కణుపులతో తట్టి వినాలి. అతికి ఉన్న చోట గట్టి శబ్దం, విడిన చోట డొల్ల శబ్దం. రెండు సూదులు గల తేమ కొలిచే పరికరం కూడా ఉన్నది. కొయ్యలో తేమ 20 శాతం లోపుంటే పుచ్చు పట్టదన్నది వాడుకలో ఉన్న హద్దు.

డ్రైవరు తల మీదుగా ముందుకు పొడుచుకొనివచ్చిన పడకగల బండ్లు ఈ తరంలోనే విరివిగా వచ్చినవి. మన భాషలో దానిని అటక అనవచ్చును. ఆ అటకకు ముందు కిటికీ పెట్టినారు. బండి గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వానలో పోతుంటే ఆ కిటికీ మీద పడేది వాన కాదు, గొట్టంతో కొట్టిన నీరు. నిలిచి ఉన్నప్పుడు చుక్క రాని బండి ప్రయాణంలో కారడానికి కారణం తరచు ఇదే.

1973 నుండి 1978 వరకు జనరల్ మోటార్స్ తన సొంత మోటార్‌హోమ్‌ను, జీ.ఎం.సీ. పేరుతో, తయారు చేసినది. అల్యూమినియం పక్కటెముకల మీద అల్యూమినియం రేకులు, ఫైబర్‌గ్లాస్ పలకలు అతికించి, లోపల నురుగు చిమ్మినారు. మొత్తం 13,000కు కొంచెం తక్కువ బండ్లు వచ్చినవి. దేహంలో కొయ్యచట్రం లేదు గనుక అవి పుచ్చిపోలేదు, నేటికీ చాలా తిరుగుతున్నవి. నీరు రాదని కాదు, వచ్చిన నీరు తినడానికి గోడలో కొయ్య లేదు. ప్లైవుడ్ నేలను మాత్రం వాటిలోనూ కాచుకోవలసినదే.

చట్టం చేసిన రంధ్రాలు

ఇంటిని కట్టేవాడు కప్పుకు రంధ్రం చేయడానికి జంకుతాడు. మోటార్‌హోమ్ కప్పుకు మాత్రం రంధ్రాలు చేయక తప్పదు. గాలిమూతకు 14 అంగుళాల చదరపు రంధ్రం. కప్పు మీది ఏసీకి మరొకటి, అదీ అదే కొలత. ఆ ఏసీ క్రింద నురుగు చక్రం ఒకటుంటుంది. నాలుగు బోల్టులు దానిని నొక్కిపట్టి ఉంచుతాయి. ఏండ్లు గడిచి నురుగు చచ్చుబడితే బోల్టులు వదులై నీరు దిగుతుంది. స్నానాల గది గొట్టానికి ఒక రంధ్రం, ఫ్రిజ్జు పొగగూటికి ఒక రంధ్రం, టీవీ యాంటెన్నాకు ఒకటి.

వీటికి తోడు ప్రభుత్వం కొన్ని రంధ్రాలు చేయించినది. 1968లో అమలుకు వచ్చిన అమెరికా వాహన భద్రతా నియమం ప్రకారం 80 అంగుళాలు, అంతకు మించి వెడల్పు గల బండ్లకు నెత్తి మీద ముందు అయిదు, వెనుక అయిదు దీపాలు ఉండాలి. రాత్రివేళ ఎదుటివారికి బండి ఎంత పెద్దదో తెలియడానికి అవి అవసరమే. కాని ఒక్కొక్క దీపానికి రెండు మరలు, ఒక తీగ రంధ్రం. అన్నీ వాన ఎక్కువగా తగిలే నుదుటి మీదనే. తీగ కప్పు లోపలి ఖాళీలోకి పోతుంది. తీగ వెంట నీరు నడుస్తుంది.

ఇక సంధి కదలిక. 8 మీటర్ల అల్యూమినియం రేకు 40 డిగ్రీల ఉష్ణభేదానికి సుమారు 7 మిల్లీమీటర్లు సాగుతుంది. దాని క్రింది కొయ్య అంత సాగదు. ఏడాది పొడుగునా రేయింబవళ్ళు రేకు ఒకవైపు, కొయ్య ఒకవైపు లాగుతుంటే మర రంధ్రం వెడల్పవుతుంది. దానికి రోడ్డు కుదుపు తోడు. నిలిచి ఉండే ఇంటికి ఈ రెండవ బాధ లేదు.

ఈ సంధులను పూడ్చిన పదార్థాలకూ చరిత్ర ఉన్నది. తొలినాళ్ళలో అవిసెనూనెతో కలిపిన లప్పం వాడేవారు. నూనె ఎండితే అది బిస్కత్తు వలె విరుగుతుంది. తరువాత బ్యుటైల్ రబ్బరు పట్టీ వచ్చినది. అది చాలాకాలం మెత్తగానే ఉండి, రేకుతో పాటు కదులుతుంది. ఆ తరువాత ట్యూబులలో సిలికోన్ వచ్చినది. ఎవరైనా ఒత్తి పూయవచ్చును గనుక పాత బండ్లన్నింటి మీద ఇది దొరుకుతుంది. దానితో చిక్కేమంటే, ఒకసారి సిలికోన్ పూసిన చోట దాని జాడ మిగిలితే తరువాత ఏది పూసినా సరిగా పట్టదు, మరల సిలికోన్ పూసినా పట్టదు. 1990ల నాటికి కప్పంతా ఒకే రబ్బరు పొర పరిచే పద్ధతి వ్యాప్తిలోకి వచ్చినది. పాత కప్పు మీద పొరలు పొరలుగా ఉన్న పూతలను గీరితే, శాసనం మీద శాసనం చెక్కినట్లు, యజమానుల పరంపర కనబడుతుంది.

కార్యంనుండి కారణానికి

ఇప్పుడు వెదికే పద్ధతి. నైయాయికులు పొగను చూసి నిప్పును ఊహించమన్నారు. పొగ నిప్పుకు నేరుగా పైననే ఉండనక్కరలేదు, గాలి దానిని తోసివేస్తుంది. అట్లే మరక రంధ్రానికి నేరుగా క్రిందనే ఉండనక్కరలేదు. నీరు వాలు వెంబడి, తీగ వెంబడి, కమ్మీ వెంబడి నడిచి, అడ్డం తగిలిన చోట దిగుతుంది.

మొదటి ప్రశ్న "ఎక్కడ?" కాదు, "ఎప్పుడు?". చరిత్రకారుడి కాలనిర్ణయం వంటిదే ఇది. వాన తరువాత తడిస్తే కప్పు. ఎండరోజున కూడా తడిస్తే లోపలి పైపులు. చలిరాత్రి గడచిన ఉదయాన మాత్రమే తడిస్తే మన ఊపిరి.

వాన నీరేనని తేలితే రెండు పద్ధతులున్నవి. ఒకటి గొట్టంతో నీరు పోయుట. ఒకరు బయట, ఒకరు లోపల ఉండాలి. నీటిని జోరుగా చిమ్మక, వాన వలె పారనివ్వాలి. క్రిందినుండి మొదలుపెట్టి ఒక్కొక్క సంధినే తడుపుతూ పైకి పోవాలి. పైనుండి మొదలుపెడితే జారే నీరు అన్ని సంధులనూ ఒకేసారి తడిపివేస్తుంది, ఏది దోషియో తేలదు. ప్రతి సంధి వద్ద పది, పదిహేను నిమిషాలు ఓపిక పట్టాలి.

రెండవది, ఇందాక చెప్పిన చంద్రయాత్రికుల గూటిని తలక్రిందులు చేయుట. గాలిమూత రంధ్రంలో పెద్ద ఫ్యాను బిగించి, బయటి గాలిని లోపలికి తోసి, ఇంటిలో ఒత్తిడి పెంచుతారు. తలుపులు, కిటికీలు మూసి, బయట సంధుల మీద సబ్బునీరు చల్లుతారు. సందు ఉన్న చోట బుడగలు లేస్తాయి. సైకిలు ట్యూబును నీటిలో ముంచి పంక్చరు చూసే మన పద్ధతే ఇది.

మిషిగన్‌లో ఉంటున్న మా పెద్దవాడు 1970ల నాటి మోటార్‌హోమ్ ఒకటి కొన్నాడు. ఎవరు చేసినదో ఇక్కడ అనవసరం. వెనుక పడక మీద, గాలిమూత ప్రక్కనే, కప్పుకు పళ్ళెమంత మరక. అంతకు ముందరి యజమానులు ఆ గాలిమూత చుట్టూ అట్టుపిండి పోసినట్లు పూతలు పూసి ఉన్నారు. అయినా కారుతూనే ఉన్నది. ఒక ఆదివారం వాడు బయట గొట్టం పట్టుకొన్నాడు. నేను టార్చిలైటుతో లోపల పడక మీద కూర్చొన్నాను.

"నాన్నగారూ, కారుతోందా?"

"లేదురా. ఇంకొంచెం పైకి పోనీ."

వెనుక గోడ అయినది, గాలిమూత అయినది, చుక్క లేదు. బండి ముందు ముఖం కొంచెం ఎత్తుగా, ఏటవాలు దారిలో నిలిచి ఉన్నది. ముందు దీపాలు తడపడం మొదలుపెట్టిన పావుగంటకు నా తల మీద మరక చెమ్మగిల్లి చుక్క పడినది. నుదుటి దీపానికీ వెనుక పడకకూ నడుమ బండి పొడవంతా ఉన్నది!

దీనితో వాడు తృప్తి పడినాడు గాని నేను పడలేదు. ఉంటే ఉండుట అన్వయం. లేకుంటే లేకుండుట వ్యతిరేకం. రెండూ కుదిరితేనే కారణం సిద్ధిస్తుంది. మరునాటికి ఆరనిచ్చి, అయిదు దీపాలకూ ప్లాస్టరు అంటించి మళ్ళీ తడిపినాము, చుక్క రాలేదు. ఒక్కొక్కదానికే ప్లాస్టరు తీస్తూ తడిపితే మూడవ దీపం వద్ద దొరికినది. ఊడదీయగా దాని క్రింది నురుగు పట్టీ పొడియై రాలినది. బ్యుటైల్ పట్టీ పెట్టి బిగించినాడు. వెనుక గాలిమూత మీద అన్నేండ్లు పడిన నింద తొలగినది.

వాన కాని నీరు

కొన్ని చోట్ల పూడ్చడమే తప్పవుతుంది. జారుడు కిటికీల క్రింది గాడిలో వాననీరు నిలవడం సహజం. అది బయటకు పోవడానికి చట్రం అడుగున సన్నని రంధ్రాలు ఉంచుతారు. దుమ్ము పట్టి అవి మూసుకొంటే నీరు పొంగి లోపలికి పొర్లుతుంది. తెలియనివారు వాటినే సందులనుకొని పూడ్చివేస్తారు, కారుట రెట్టింపవుతుంది. అక్కడ కావలసినది పూత కాదు, పుల్లతో గుచ్చి శుభ్రం చేయుట.

పైపుల సంగతి వేరు. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం పెరుగుతుంది. చలికాలానికి ముందు గొట్టాలలో నీరు తీసివేయని బండిలో వసంతంలో లీకులు బయటపడతాయి. దాదాపు 1978 నుండి 1995 వరకు అమెరికా ఇండ్లలోను, ఇటువంటి బండ్లలోను పాలీబ్యుటిలీన్ అనే బూడిదరంగు గొట్టం విరివిగా వాడినారు. అది లోలోపల పెళుసుబారి, కీళ్ళ వద్ద విచ్చి, పెద్ద వ్యాజ్యాలకు దారితీసినది. బూడిదరంగు గొట్టం కనబడితే బండి వయస్సూ తెలుస్తుంది, మొదట చూడవలసిన చోటూ తెలుస్తుంది. రాత్రి ఏ కుళాయి తిప్పకుండానే పంపు ఒక్క క్షణం గుర్రుమని ఆగుతుంటే, గొట్టంలో ఎక్కడో నీరు పోతున్నట్లు, లేదా పంపులోని వాల్వు వెనుకకు వదులుతున్నట్లు గ్రహించాలి.

మూడవది మనం పుట్టించే నీరు. ఈ బండ్లలో వంటకు ప్రొపేన్ వాయువు వాడతారు. ఒక కిలో ప్రొపేన్ కాలితే సుమారు 1.6 కిలోల నీరు ఆవిరిగా పుడుతుంది. చలిరాత్రి కిటికీలన్నీ బిగించి పొయ్యి మీద పప్పు ఉడకబెట్టి, నలుగురు నిద్రిస్తే, తెల్లవారేసరికి చల్లని రేకు మీద చెమర్చి బొట్లు రాలుతాయి. దానికి కప్పు ఎక్కి వెదికితే ఏమి దొరుకుతుంది? గాలిమూత రెండంగుళాలు తెరిచి పడుకోవాలి.

మొత్తం మీద, మేసొనైటు బండిలో గోడను నిమరాలి. రివెట్టు బండిలో నేలను గ్రుచ్చాలి. జిగురు బండిలో గోడను తట్టి వినాలి. ఫైబర్‌గ్లాస్ బండిలో కిటికీలను అనుమానించాలి. 1968 తరువాతి పెద్ద బండి అయితే నెత్తిమీది దీపాలను మరువకూడదు. ప్రతి తరం నిర్మాతలూ ముందు తరం కారిన చోటును మూసినారు, మూసే ప్రయత్నంలో మరొక సంధిని సృష్టించినారు. అది వారి అసమర్థత కాదు. తలుపూ, కిటికీ, దీపమూ, పొయ్యీ కావాలంటే రంధ్రాలు తప్పవు. రంధ్రాలు ఉన్నంతకాలం వానకారు ముందు ఒకసారి నిచ్చెన వేసుకొని కప్పు చూచుకొనేవాడే ఆ బండిని తరువాతి తరానికి అప్పగిస్తాడు.

మా వాడు ఇప్పుడు బండిలో ఒక నోటుపుస్తకం పెట్టినాడు. ఏ తేదీన ఎక్కడ చెమ్మ కనబడినది, బండి ఎటు వాలి ఉన్నది, ఏ పదార్థం ఎక్కడ పూసినది అందులో వ్రాస్తున్నాడు. పూర్వపు యజమానులలో ఒక్కరైనా ఈ పని చేసి ఉంటే ఆ పడక మీది కొయ్య ఇన్నేండ్లు తడిసేది కాదు.

విదేశాలలో ఉన్న మిత్రులలో ఇటువంటి బండ్లు ఉన్నవారు, చూసినవారు ఉంటే తమ అనుభవాలు వ్యాఖ్యలలో తెలుపగలరు. 'అతుకు', 'సందు', 'కీలు' అన్న మాటలకు మీ ప్రాంతపు పనివారు వాడే ఇతర పదాలేవైనా ఉంటే అవి కూడా వ్రాయండి.